కారుకు వేసే కనిపించని అట్ట

ఇంట్లో బాగా వాడిన స్టీలు కంచం ఒకటి తీసుకుని ఎండలో పట్టి చూడండి. సూర్యుడి ప్రతిబింబం చుట్టూ సన్నని గీతలు వలయాలు వలయాలుగా, సాలెగూడులా మెరుస్తాయి. కంచాన్ని కాస్త వంచితే ప్రతిబింబం పక్కకు జరుగుతుంది. ఆ వలయాలూ దాని వెంటే వెళ్తాయి. గీతలు నిజంగానే గుండ్రంగా ఉంటే ఉన్నచోటే ఉండాలి కదా! కంచం మీద గీతలు అన్ని దిక్కులకూ పడి ఉంటాయి. వాటిలో కాంతికి అడ్డంగా ఉన్నవి మాత్రమే వెలుగును మన కంటివైపు తిప్పుతాయి. మిగతావి ఉన్నా లేనట్టే. కనబడే ఆ కొన్ని అడ్డగీతలూ కలిసి మనకు గుండ్రని గూడును చూపిస్తాయి.

ఇదే గూడు నల్లకారు బానెట్ మీద కనిపిస్తే యజమాని మనసు చివుక్కుమంటుంది. ఇలాంటి గీతల నుంచీ, రాళ్ళ దెబ్బల నుంచీ కారు పెయింటును కాపాడే పారదర్శకమైన ఫిల్మ్ కథ ఇది. కార్లకు మెరుగులు దిద్దే డీటెయిలింగ్ షాపుల్లో వీటిని స్వర్ల్ మార్కులు అంటారు. కారు తుడిచే కుర్రవాడు గుండ్రంగా రుద్దాడని తిట్టుకుంటారు. ఎటు రుద్దినా వచ్చేది ఆ గూడే. అపార్టుమెంటు సెల్లారులో తెల్లవారుజామున పొడిగుడ్డతో బరబరా తుడిచే అయిదు నిమిషాల్లోనే పని జరిగిపోతుంది. మన ఊళ్ళ దుమ్ములో క్వార్ట్జ్ రేణువులు ఉంటాయి. ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలమానం మీద క్వార్ట్జ్ స్థానం 7. గాజును కూడా గీయగలదు. కారు పైపూత ఎంత మెరిసినా చివరికి ప్లాస్టిక్ జాతిదే. రాళ్ళు తగిలి పెయింటు పోయిందని వాపోయేవాళ్ళను చాలామందిని చూశాను గానీ, రోజూ పొద్దున్నే గుడ్డతో పోతున్నదాన్ని లెక్కేసుకున్నవాళ్ళను చూడలేదు.

పెయింటు అని మనం ఒక్కమాటలో అనేది నిజానికి నాలుగు పొరలు. ఫ్యాక్టరీలో ఉక్కు బాడీని మొత్తంగా తొట్టెలో ముంచి, విద్యుత్తు పంపి, తుప్పును ఆపే తొలిపూతను అంటిస్తారు. దానిమీద ప్రైమర్, ఆపైన రంగునిచ్చే బేస్ కోటు, అన్నిటికన్నా పైన రంగులేని క్లియర్ కోటు వస్తాయి. నాలుగూ కలిపితే సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మనం ప్రింటు తీసుకునే తెల్లకాగితం మందం దాదాపు 100 మైక్రాన్లు. అంటే లక్షలు పోసి కొన్న కారు అందమంతా కాగితమంత మందంలో ఉంది. అందులోనూ మెరుపు బాధ్యత పైనున్న 40, 50 మైక్రాన్ల క్లియర్ కోటుది. ఎండలోని అతినీలలోహిత కిరణాలను మింగే రసాయనాలనూ అందులోనే కలుపుతారు. గీతలు పోవడానికి పాలిష్ పట్టించడమంటే, గీత అడుగు ఎంత లోతుందో చుట్టుపక్కలనంతా అంత లోతుకు అరగదీయడమే. ఎన్నిసార్లయినా చేయించుకోగల పని కాదది.

పోతే మళ్ళీ వేయించుకోవచ్చు కదా అనే ప్రశ్న సహజం. వేయించుకోవచ్చు. అయితే ఫ్యాక్టరీలో పెయింటు వేసేనాటికి కారు ఉత్త ఉక్కు డొల్ల. సుమారు 140 డిగ్రీల ఓవెన్‌లో కాల్చినా దానికేమీ కాదు. ఆ వేడిలో పూతలోని అణువులు ఒకదానితో ఒకటి ముడిపడి గట్టిపడతాయి. రోడ్డెక్కిన కారులో రబ్బరు సీళ్ళు, వైర్లు, డాష్‌బోర్డు ఉంటాయి. దాన్ని అంత వేడిలో పెడితే బయటికి వచ్చేది కారు కాదు. అందుకే బయటి షాపుల బూత్‌లలో 60 డిగ్రీల దగ్గర ఆరిపోయే వేరే రకం పెయింటు వాడతారు. మంచి పనివాడి చేతిలో అదీ చక్కగానే వస్తుంది. కానీ మొదట వచ్చినది మాత్రం కాదు. పాత కార్లు కొనేవాళ్ళు పెయింటు మందం కొలిచే మీటరు వెంట తెచ్చుకునేది మళ్ళీ పెయింటు వేసిన చోటును పట్టుకోవడానికే.

ఇక రాళ్ళ సంగతి. హైవే మీద కంకర టిప్పర్ వెనక పోతున్నప్పుడు వినిపించే ఆ ‘టప్’మనే చప్పుడు కారు నడిపేవారందరికీ తెలుసు. కాబూలీ శనగంత రాయి ఒక్క గ్రాము తూగుతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు దాన్ని ఢీకొంటే, ఆ దెబ్బ ఆ రాయి 39 మీటర్ల ఎత్తునుంచి, అంటే ఇంచుమించు 13వ అంతస్తు నుంచి బానెట్ మీద పడినదానితో సమానం. 60 కిలోమీటర్ల వేగంలో అదే రాయి నాలుగైదు అంతస్తుల ఎత్తు నుంచి పడినట్టు. శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది మరి. క్లియర్ కోటు గట్టిది, అందువల్లనే పెళుసుది. రాయి మొన తగిలిన సూదిమొనంత చోటున అంత శక్తినీ ఒక్క క్షణంలో భరించలేక పెచ్చు లేచిపోతుంది. దెబ్బ ఉక్కుదాకా దిగితే తుప్పుకు దారి తెరుచుకున్నట్టే. విశాఖలోనో కాకినాడలోనో ఉన్న కారయితే ఉప్పుగాలి దాన్ని తొందరపెడుతుంది.

ఈ దెబ్బకు విరుగుడు మొదట వెతికింది కార్లవాళ్ళు కాదు. వియత్నాం యుద్ధకాలంలో అమెరికా సైన్యానికి హెలికాప్టర్ రెక్కలు పెద్ద తలనొప్పిగా ఉండేవి. తిరిగే రెక్క కొస వేగం గంటకు 700 కిలోమీటర్లు దాటుతుంది. దుమ్ములో దిగినప్పుడల్లా ఇసుక రేణువులు రెక్క ముందంచు లోహాన్ని ఆకురాయిలా అరగదీసేవి. అక్కడ పనికొచ్చింది మరింత గట్టి లోహం కాదు, పాలీయురేథేన్ అనే సాగే ప్లాస్టిక్ పట్టీ. ఈ పదార్థ వంశానికి మూలపురుషుడు జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఒట్టో బేయర్; ఆయన దీన్ని కనిపెట్టింది 1937లో. లోహపు అంచులున్న హెలికాప్టర్లు ఎడారిలో రాత్రివేళ దిగుతుంటే రెక్కల చుట్టూ నిప్పురవ్వల వలయం కనిపిస్తుంది. చూడటానికి ఎంతో అందంగా ఉంటుంది. ఆ మెరిసేదంతా ఊడిపోతున్న లోహమే. రెక్కల మీది ఆ పట్టీలే రేసు కార్ల ముక్కుల మీదికీ, అక్కడినుంచి ఖరీదైన కార్ల మీదికీ వచ్చాయి. ఇప్పుడు హైదరాబాదులోనూ విజయవాడలోనూ పీపీఎఫ్ (పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్, అంటే పెయింటును కాపాడే ఫిల్మ్) పేరుతో మామూలు కార్లకూ వేస్తున్నారు. మన చిన్నప్పుడు జూన్‌లో కొత్త పుస్తకాలకు వేసుకున్న అట్టలాంటిదే, కాకపోతే ఇది కనబడకూడదు.

మెత్తటిది ఎలా కాపాడుతుంది? ఇల్లు కట్టేచోట కూలీలు పైకి ఇటుకలు విసురుతుంటే అందుకునే మనిషిని గమనించండి. ఇటుక చేతికి తగలగానే చేతులను దాని దారిలోనే కొంత దూరం పోనిస్తాడు. బిర్రబిగిస్తే అరచేయి చిట్లుతుంది. ఫిల్మ్ చేసేదీ అదే. రాయి తగిలినచోట అణగి, దెబ్బను కాస్త ఎక్కువసేపటికీ, ఎక్కువ మేరకూ పంచుతుంది. శక్తిలో కొంత వేడిగా మారిపోతుంది. కిందనున్న క్లియర్ కోటుకు సూదిపోటు బదులు బొటనవేలి నొక్కు తగులుతుంది. ఇంకో విశేషం, మంచి ఫిల్మ్ మందం 150 నుంచి 200 మైక్రాన్లు. అంటే తాను కాపాడుతున్న నాలుగు పొరల కన్నా కాపలాదారే లావు.

ఆ అణగడం వెనక అణువుల కథ ఉంది. థర్మోప్లాస్టిక్ పాలీయురేథేన్, క్లుప్తంగా టీపీయూ, పొడవాటి గొలుసు అణువులతో తయారవుతుంది. ప్రతి గొలుసులోనూ మెత్తని భాగాలు, గట్టి భాగాలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. మెత్తనివి ఉడికిన సేమ్యాలా చిక్కుపడి ఉంటాయి. గట్టివి హైడ్రోజన్ బంధాలతో పక్కవాటిని పట్టుకుని చిన్న చిన్న గుంపులుగా చేరి, వలలోని ముడుల్లా పనిచేస్తాయి. లాగితే సేమ్యా పోగులు సాగుతాయి, ముడులు మాత్రం వీడవు. వదిలితే పోగులు మళ్ళీ చిక్కుపడతాయి. ఎందుకంటే తిన్నగా నిలబడటానికి ఒకటే పద్ధతి, చిక్కుపడి ఉండటానికి లెక్కలేనన్ని పద్ధతులు. ప్రకృతి మొగ్గు ఎప్పుడూ ఎక్కువ పద్ధతులున్న వైపే. రబ్బరుబ్యాండు వెనక్కి రావడానికి కారణమూ ఇదే.

దుకాణాల్లో ‘గీత దానంతటదే మానుతుంది’ అని వేడినీళ్ళు పోసి చూపించే గారడీ రహస్యం కూడా ఇక్కడే ఉంది. ఫిల్మ్ పైన ఇంకో పలుచని పూత ఉంటుంది. బ్రష్షుతో రుద్దితే అందులో గాడి పడుతుంది గానీ పదార్థం ఊడిపోదు, పక్కకు ఒత్తిగిలుతుందంతే. చల్లగా ఉన్నప్పుడు గొలుసులు బద్ధకంగా ఉంటాయి. వేడి తగలగానే కదలిక వచ్చి పాత చోటుకు సర్దుకుంటాయి, గాడి పూడుకుంటుంది. వేసవి మధ్యాహ్నం మన నల్లకార్ల బానెట్ మీద చేయి పెట్టలేం కనుక ఇక్కడ వేడినీళ్ళ ఖర్చు కూడా లేదు. అయితే ఇది మాయ కాదని గుర్తుంచుకోవాలి. తాళంచెవితో కసిగా గీసినప్పుడు ఫిల్మ్ తెగితే అది తెగినట్టే, ఏ ఎండా అతకదు. పెయింటులోనే ఈ గుణం తెచ్చే ప్రయత్నాలూ జరిగాయి. చిన్న గీతలు మానిపోయే క్లియర్ పూతను నిస్సాన్ 2005లో ప్రకటించింది.

సాగేది, మందమైనది, పైగా కనబడకూడదు. ఈ మూడో షరతే నాకు అన్నిటికన్నా ముచ్చటగా అనిపిస్తుంది. పాలు తెల్లగా ఉండటానికి ఒక ముఖ్య కారణం, అందులోని కొవ్వు బిందువుల్లో చాలావాటి పరిమాణం కాంతి తరంగదైర్ఘ్యానికి దగ్గరగానో ఎక్కువగానో ఉండటం. కాంతి వాటిని గుద్దుకుని చెదిరిపోతుంది. టీపీయూలోని ముడులు పది నానోమీటర్ల పరిమాణంలో ఉంటాయి. నానోమీటరు అంటే మైక్రాన్‌లో వెయ్యో వంతు. 400 నానోమీటర్ల నుంచి మొదలయ్యే కంటికి కనిపించే కాంతికి అవి ఉన్నట్టే తెలియదు. పైగా ఫిల్మ్, జిగురు, క్లియర్ కోటు మూడింటి వక్రీభవన గుణకమూ (కాంతిని ఎంత వంచుతాయో చెప్పే అంకె) 1.5కు దగ్గరగా ఉంటుంది. గ్లిజరిన్‌లో ముంచిన గాజుకడ్డీ మాయమైనట్టు, ఒక పొర ఎక్కడ ముగిసి ఇంకోటి ఎక్కడ మొదలయిందో కాంతికి అంతుపట్టదు. గాలి గుణకం 1 కనుక ఎక్కడైనా బుడగ చిక్కితే మాత్రం వెండిచుక్కలా బయటపడిపోతుంది.

సిరామిక్ కోటింగ్ అనే మాట ఇక్కడ తప్పక వస్తుంది. అది కొన్ని మైక్రాన్లకు మించని సిలికా పూత. నీరు పూసల్లా జారిపోవడానికి, కడగడం తేలిక కావడానికి పనికొస్తుంది. రాయిని ఆపలేదు. ‘9హెచ్ గట్టిదనం’ అని ప్రకటనల్లో చూసి వజ్రానికి ఒక మెట్టు కింద అనుకునేవాళ్ళున్నారు. ఆ 9హెచ్ మోస్ కొలమానం కాదు, పెన్సిలు కొలమానం. 9హెచ్ పెన్సిలుతో గీస్తే గీత పడలేదని మాత్రమే దాని అర్థం.

పిట్టల రెట్ట విషయంలో ఫిల్మ్ ఉన్నవారికి కొంత నిశ్చింత. పక్షులు మూత్రాన్ని వేరుగా విసర్జించవు. రెట్టలోని తెల్లటి ముద్ద యూరిక్ ఆమ్లమే. రసాయనంతోపాటు ఎండ కూడా నేరస్తురాలు. వేడికి మెత్తబడి వ్యాకోచించిన క్లియర్ కోటు, సాయంత్రం కుదించుకునేటప్పుడు ఎండిపోయిన రెట్ట అచ్చును తనలోకి తీసుకుంటుంది. కడిగాక కూడా కనిపించే మచ్చ అదే. ఫిల్మ్ ఉంటే ఆ మచ్చ ఫిల్మ్‌కే పడుతుంది. అలాగని వారం రోజులు వదిలేస్తే ఫిల్మ్ మాత్రం ఏం చేస్తుంది?

కొనేటప్పుడు అడగవలసిన ప్రశ్న ‘ఎన్నేళ్ళ వారంటీ’ కన్నా ముందు ‘ఏ ప్లాస్టిక్’ అన్నది. టీపీహెచ్ పేరుతో చవగ్గా దొరికేది నిజానికి పీవీసీ కుటుంబానిది. అది సాగడానికి కలిపిన నూనెలాంటి పదార్థాలు ఎండకు క్రమంగా బయటికి పోతాయి, ఫిల్మ్ బిరుసెక్కి పచ్చబడుతుంది. టీపీయూలోనూ రెండు రకాలున్నాయి. బెంజీన్ వలయాలున్న ముడిపదార్థంతో చేసినది అతినీలలోహిత కిరణాలకు పసుపురంగు తిరుగుతుంది. ఆ వలయాలు లేని అలిఫాటిక్ రకం చాలాకాలం రంగు మారకుండా నిలుస్తుంది. తెల్లకారు కొన్నవారికి ఈ తేడా అందరికన్నా ముందు తెలుస్తుంది.

అతికించేటప్పుడు సబ్బునీళ్ళు చల్లుతారు. జిగురు వెంటనే పట్టేయకుండా ఆ నీటిపొర అడ్డుపడుతుంది. ఫిల్మ్‌ను అటూ ఇటూ జరిపి సరిగా కూర్చోబెట్టి, రబ్బరు అంచున్న స్క్వీజీతో నీళ్ళను బయటికి నెడితే జిగురు పెయింటును తాకుతుంది. మిగిలిపోయిన కొద్దిపాటి తేమ రోజుల తరబడి ఫిల్మ్ గుండానే ఆవిరైపోతుంది. కనుక మొదటివారం కనిపించే మసక చూసి కంగారుపడనక్కరలేదు. భయపడవలసింది బ్లేడుకు. కొందరు పనివాళ్ళు ఫిల్మ్‌ను కారుమీద పరిచి అక్కడే కోస్తారు. చేయి ఏమాత్రం బరువైనా కాపాడటానికి వచ్చిన చోటే పెయింటుకు గాటు పడుతుంది. కంప్యూటర్ కొలతలతో ముందే కత్తిరించి తెచ్చే షాపు దొరికితే కొంచెం ఎక్కువైనా ఇవ్వడం నయం.

అద్దాల సన్ ఫిల్మ్‌కు వచ్చిన నిషేధంలాంటిది దీనికీ ఉందా అని కొందరు అడుగుతుంటారు. సుప్రీంకోర్టు 2012 తీర్పు కిటికీ అద్దాల గురించి. రంగులేని పీపీఎఫ్‌తో దానికి సంబంధం లేదు. రంగు మార్చే ఫిల్మ్ వేయిస్తే మాత్రం ఆర్‌సీలో రాయించుకోవాలి.

కారంతా వేయించడానికి అయ్యే ఖర్చు చిన్న కారు యజమానికి నేను సిఫారసు చేయను. ఊళ్ళోనే తిరిగే కారుకు పొడిగుడ్డ మానేసి, బకెట్టు నీళ్ళు పోసి, మెత్తటి గుడ్డతో కడిగితే సగం పని అయిపోతుంది. హైవే మీదే బతికే కారుకు రాళ్ళు తగిలే ముందుభాగాలు చాలు. బంపరు, బానెట్, అద్దాల వెనకడొప్పలకు వేయిస్తే సరిపోతుంది. ఖర్చు తగ్గుతుందని బానెట్‌కు ముందు సగమే వేసే పద్ధతి కూడా ఉంది. కొన్నేళ్ళకు ఆ ఫిల్మ్‌ను హీట్ గన్‌తో వేడిచేసి, నెమ్మదిగా వెనక్కి మడుస్తూ తీస్తారు. అప్పుడు బానెట్ మధ్యలో ఒక సరిహద్దు కనిపిస్తుంది. ముందు సగం కొన్ననాటి రంగు, వెనక సగం ఎండకూ దుమ్ముకూ అలసిన రంగు. ఏళ్ళ తరబడి పెట్టుకున్న చేతిగడియారం తీసినప్పుడు మణికట్టు మీద తేలే తెల్లటి పట్టీలాగా.