పాత మస్టాంగ్‌కు పెయింట్ సంగతి తర్వాత, ముందు కౌల్‌లో నీళ్ళు పోసి చూడండి: అపోహలు - వాస్తవాలు

1965, 66 మోడల్ ఫోర్డ్ మస్టాంగ్ కొని తెచ్చుకున్నవాళ్ళు షెడ్డులో అడుగుపెట్టగానే అడిగేది దాదాపు ఎప్పుడూ ఒకటే: "పెయింట్‌కి ఎంతవుతుంది?" అరవై ఏళ్ళ కారు, ఇంతవరకూ ఎవరూ విప్పి రీస్టోర్ చెయ్యనిది, ఫ్యాక్టరీలో కొట్టిన రంగు ఇంకా ఒంటిమీదే ఉన్నది చేతికొచ్చింది. ముచ్చటపడాల్సిందిపోయి, చూసినవాళ్ళెవరో "ఇలా వెలిసిపోయిందేంటి" అన్నారని ముందు డెంటింగ్, పెయింటింగ్‌కు తోలేస్తారు. ఈ పనిలో జనాన్ని అన్నిటికంటే ఎక్కువ ముంచేది ఈ తొందరే. అందుకే మొదట దీని సంగతి, ఆ తర్వాతే మిగతావి.

అపోహ: రంగు పోయింది కాబట్టి ముందు పెయింట్, మిగతా పనులు నెమ్మదిగా చేసుకోవచ్చు.

వాస్తవం: ఈ కారుకు ప్రాణాంతకమైన తుప్పు లోపలినుంచి మొదలవుతుంది. బయటి రేకు మీద కనిపించేది చాలావరకు చర్మవ్యాధి లాంటిది. ముందు అద్దం కింద, బానెట్ వెనక, సన్నటి చీలికలున్న కౌల్ ఉంది కదా, అసలు కథ అక్కడుంది. వాన నీళ్ళు ఆ చీలికల్లోంచి లోపలి పెట్టెలోకి దిగి, రెండు పక్కలా ఫెండర్ వెనకనుంచి కిందికి పోవాలి. ఆ పెట్టె అడుగున రెండు గుండ్రటి కంతలు, వాటి చుట్టూ పైకి లేచిన రేకు అంచులు ఉంటాయి. ఒకటి డ్రైవర్ పక్క గాలి వెంట్‌కు, రెండోది హీటర్ పెట్టెకు. రాలిన ఆకులూ మట్టీ ఏళ్ళ తరబడి ఆ అంచుల మొదట్లో పేరుకుని తడి పట్టి ఉంచుతాయి. అంచు మొదలు తినేస్తే నీళ్ళు నేరుగా మీ కాళ్ళ దగ్గరికే. కార్పెట్ కింద జనపనార పరుపు ఒకటుంటుంది, అది నీళ్ళు తాగి నెలల తరబడి ఆరదు. ఫ్లోర్ రేకు పైనుంచి కిందికి కుళ్ళుతుంది. కింద దూరి చూస్తే అండర్‌కోటింగ్ నల్లగా, నిండుగా కనిపిస్తుంది. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే సరాసరి కార్పెట్‌లోకి దిగుతుంది.

దీన్ని కనిపెట్టడానికి పైసా ఖర్చు లేదు. ఇద్దరు మనుషులు, తోటకు నీళ్ళు పెట్టే పైపు, ఒక టార్చి చాలు. ముందు రెండు పక్కలా కార్పెట్ ఎత్తి, కిక్ ప్యానెళ్ళు (ముందు సీట్లో కాళ్ళ పక్కనుండే పలకలు) ఊడదీయండి. ఒకరు డ్యాష్ కింద తల పెట్టి టార్చి వేసి పడుకోవాలి. రెండోవాళ్ళు పైపును సన్నగా వదిలి డ్రైవర్ పక్క చీలికల్లోనే రెండు మూడు నిమిషాలు పోయాలి, తర్వాత రెండో పక్క. అద్దం మీద మాత్రం నీళ్ళు పడనివ్వకండి. అద్దం రబ్బరు కారుతోందో, కౌల్ కారుతోందో తేల్చుకోలేక తికమక పడతారు. నీళ్ళు ముందు చక్రాల వెనక ఫెండర్ అడుగునుంచి ధారగా పడితే దారి బాగుంది. అక్కడ ఏమీ పడకపోతే ఆకులు అడ్డంపడ్డట్టు. వెంట్ చుట్టూ గానీ హీటర్ పెట్టె పైనుంచి గానీ చుక్కలు రాలితే, అంచు పోయినట్టే.

కార్పెట్ తడిసిందని భయపడి ముందే హీటర్ కోర్ (హీటర్ పెట్టెలోని చిన్న రేడియేటర్) మార్పించుకునేవాళ్ళు చాలామంది. పాపం, వాళ్ళ తప్పు కాదు, అలా చెప్పేవాళ్ళు అంతమంది ఉన్నారు. తేడా వేళ్ళతోనే తెలుస్తుంది. కూలెంట్ అయితే జిగటగా, తియ్యటి వాసనతో ఉంటుంది, ఇంజన్ వేడెక్కాక కారుతుంది, అద్దం లోపల జిడ్డు పొర కడుతుంది. కౌల్ నీళ్ళు వాన తర్వాతో, కారు కడిగిన తర్వాతో వస్తాయి, వాటికి వాసనే ఉండదు.

ఇప్పుడు పెయింట్ సంగతికొద్దాం. కౌల్‌ను పూర్తిగా బాగుచెయ్యాలంటే ఫెండర్లు, బానెట్, వైపర్లు, అద్దం, డ్యాష్ సామాను తీసి, పై ప్యానెల్ చుట్టూ ఉన్న స్పాట్ వెల్డులన్నీ ఒక్కొక్కటిగా డ్రిల్ చేసి లేపాలి. అంటే నిరుడు వేయించిన కొత్త పెయింట్ మీదే గ్రైండర్ నడవాలి. ముందు పెయింట్ వేయించినవాళ్ళు రెండుసార్లు పెయింట్‌కు డబ్బు కడతారు. లేదంటే పెయింట్ పాడవుతుందని కౌల్ జోలికి పోకుండా ఫ్లోర్‌ను కుళ్ళనిస్తారు. ఈ రెండోదే ఎక్కువగా చూస్తుంటాం.

తుప్పు కొద్దిగానే ఉంటే కౌల్ విప్పకుండా కొన్నేళ్ళు నెట్టుకురావచ్చు. సన్నటి గొట్టం తగిలించిన వ్యాక్యూమ్‌తో ఆకులు లాగేసి, నీళ్ళతో కడిగి, ఫ్యాన్ పెట్టి రెండు రోజులు పూర్తిగా ఆరనివ్వాలి. ఆ తర్వాత తుప్పును ఆపే రస్ట్ కన్వర్టర్ పూయాలి. అది ఎండాక హీటర్ పెట్టె దించి, పాడైన అంచు స్థానంలో ప్లాస్టిక్ కాలర్‌ను యురేథేన్ సీలెంట్‌తో కిందినుంచి అంటించాలి. తడి మీద అంటిస్తే రెండో వానకే ఊడుతుంది, ఇందులో జరిగే తప్పు ఎక్కువగా ఇదే. మళ్ళీ నీళ్ళు పోసి పరీక్ష చేశాకే కార్పెట్ పరవండి.

కౌల్ ఆగాక ఫ్లోర్. దీనికి చాసిస్ వేరుగా లేదు, బాడీయే చాసిస్. ఫ్లోర్, రాకర్లు (తలుపుల కింద పొడవునా ఉండే రేకు పెట్టెలు), ఫ్రేమ్ రెయిళ్ళు కలిసే బరువు మోస్తాయి. అందుకని రెండు పక్కలా ఒకేసారి కోసేయకూడదు. ఒక పక్క కోసి, అతికి, తర్వాతే రెండో పక్క. కన్వర్టిబుల్ అయితే కోతకు ముందే తలుపు ఖాళీలకు అడ్డంగా ఇనప గొట్టాలు వెల్డ్ చేసి బిగించాలి. లేకపోతే బాడీ నడుం దగ్గర కుంగి, ఆ తర్వాత తలుపులు జన్మలో సరిగా పడవు. కొనేముందు కూడా ఇదే గుర్తు: తలుపు వెనక సందు పైన ఇరుగ్గా, కింద వెడల్పుగా ఉంటే కారు కుంగుతున్నట్టు. కొత్త రేకు 18 గేజ్ తీసుకోండి. అతుకు మీద ఎపాక్సీ ప్రైమర్, దానిమీద సీమ్ సీలర్. తుప్పు మీద లప్పం పెట్టి నున్నగా చేసిచ్చేవాళ్ళకు దండం పెట్టి వచ్చెయ్యండి.

ఆ వెలిసిన రంగుకూ విలువుంది. మళ్ళీ మళ్ళీ పెయింట్ వెయ్యచ్చు గానీ ఫ్యాక్టరీ రంగు మళ్ళీ రాదు. ఒరిజినల్‌గా మిగిలిన కార్ల కోసం అమెరికా పాత కార్ల సంఘం ఏఏసీఏలో హెచ్‌పీఓఎఫ్ అని ప్రత్యేక తరగతే ఉంది. ఫోర్డ్ అప్పట్లో వేసింది క్లియర్ కోటు (రంగు పైన వేసే పారదర్శక పొర) లేని ఎనామిల్. తెల్ల గుడ్డ మీద కాస్త పాలిష్ వేసి ఒక మూల రుద్దితే గుడ్డకు కారు రంగు అంటుకుంటుంది, అదే గుర్తు. దీనికి వెంటనే కటింగ్ కాంపౌండ్ పట్టించకండి, అంచుల దగ్గర ప్రైమర్ బయటపడుతుంది. నూనెలు ఎక్కువున్న గ్లేజ్‌ను మందంగా పూసి, టర్కీ తువ్వాలు ముక్కతో రుద్ది, రాత్రంతా వదిలేసి తెల్లారి తుడవండి. రెండు మూడు విడతలు ఇలా చేశాక, అవసరమైతేనే మెత్తటి పాలిష్, తర్వాత మైనం. సుద్దలా ఉన్న రంగు లోతుగా పైకి తేలడం కళ్ళముందే కనిపిస్తుంది. వెలిసిన రంగు మీద క్లియర్ కోటు కొట్టిస్తామంటే మాత్రం ఒప్పుకోకండి. కింద పట్టు లేక పొరలుగా లేస్తుంది, వెనక్కి తీసుకోలేని పని.

అపోహ: ఇంజన్ మీద నంబరు లేదు, కాబట్టి ఇది ఒరిజినల్ కాదు, మోసపోయారు.

వాస్తవం: ఈ మాట విని నిద్ర పట్టనివాళ్ళున్నారు. ప్రశాంతంగా ఉండండి. 1965, 66 మస్టాంగుల్లో 271 హార్స్‌పవర్ కె-కోడ్ 289 ఇంజన్లకే కారు నంబరు కొట్టారు (కోడ్ అంటే కారు నంబరులో ఇంజన్ రకాన్ని చెప్పే అక్షరం). మామూలు సి-కోడ్, ఎ-కోడ్ ఇంజన్ల మీద అసలు కొట్టనేలేదు, మరి నంబరు లేదని బాధపడటమెందుకు? చూడాల్సింది ఇంజన్ పోతపోసినప్పుడు దానిమీద అచ్చయిన తేదీ. 5బి17 అంటే 1965 ఫిబ్రవరి 17. అది కారు తయారైన తేదీకి కొద్దిగా ముందుండాలి. కారు నంబరులో మొదటి అంకె సంవత్సరం, తర్వాతి అక్షరం ఫ్యాక్టరీ: ఎఫ్ అంటే డియర్‌బోర్న్, ఆర్ అంటే శాన్ హోసే, టి అంటే మెటచెన్. అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్ళకు ఇందులో ఒక ముచ్చట ఉంది. మెటచెన్ ఫ్యాక్టరీ ఉన్నది న్యూజెర్సీ ఎడిసన్‌లో, శాన్ హోసే ఫ్యాక్టరీ ఉన్నది మిల్పిటాస్‌లో. ఇప్పుడు అక్కడ గ్రేట్ మాల్ ఉంది. మీరు వారం వారం సరుకులకు తిరిగే రోడ్ల పక్కనే మీ కారు పుట్టి ఉండొచ్చు.

అపోహ: ఇరవై ఏళ్ళు మూలన పడున్నా కొత్త బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొడితే స్టార్ట్ అవుతుంది.

వాస్తవం: అవుతుంది, పిస్టన్ రింగుల్ని గీసుకుంటూ. సెల్ఫ్ ముట్టుకోకముందే ప్లగ్గులు తీసి, ఒక్కో సిలిండర్‌లో రెండు చెంచాల పలచటి నూనె పోసి రెండు మూడు రోజులు వదలండి. తర్వాత క్రాంక్ బోల్టుకు సాకెట్ పెట్టి చేత్తో తిప్పండి. ఆగిన చోట బలవంతం వద్దు. పాత ఆయిల్ దించి, 289 వీ8 ఇంజన్ అయితే ఫిల్టర్‌తో కలిపి 5 క్వార్టులు పోయండి. ఆ 289లోనే డిస్ట్రిబ్యూటర్ లోపలి రోటర్ ఎటు చూస్తోందో గుర్తు పెట్టుకుని డిస్ట్రిబ్యూటర్ లేపి, పావు అంగుళం ఆరుపలకల కడ్డీతో ఆయిల్ పంపును డ్రిల్ మిషన్ పెట్టి ఎడమకు తిప్పండి. డ్రిల్ బరువెక్కితే ప్రెషర్ వచ్చినట్టు. పాత ట్యాంకులో పెట్రోలు జిగురై ఉంటుంది కాబట్టి మొదటి స్టార్టింగ్‌కు విడి డబ్బాలోంచి ఇవ్వండి. ఖాళీ ట్యాంకే కదా అని వెల్డింగ్ పెట్టించకండి, ఆవిరే పేలుతుంది. కొత్త ట్యాంకు తేలిగ్గా దొరుకుతుంది.

అపోహ: సీసం పెట్రోలు లేదు, ఇంజన్ పాడవుతుంది.

వాస్తవం: నెమ్మదిగా తిరిగే కారుకు వాల్వు సీట్లు అంత తొందరగా అరగవు. హెడ్ ఎప్పుడైనా విప్పినప్పుడు గట్టి ఎగ్జాస్ట్ సీట్లు వేయించుకుంటే సరి. అసలు ఇబ్బంది ఇథనాల్‌తో, అది పాత రబ్బరు పైపుల్ని మెత్తబరుస్తుంది. పెట్రోలు పైపులన్నీ కొత్త రకానికి మార్చండి. ఆయిల్‌లో జింక్ ఎక్కువున్న రకం వాడండి. ఈ ఇంజన్లో క్యామ్ మీద ట్యాపెట్లు ఒరుసుకుంటూ తిరుగుతాయి, జింక్ చాలకపోతే క్యామ్ గుబ్బలు అరిగిపోతాయి.

అపోహ: ఒక్క బోల్టు మార్చినా ఒరిజినాలిటీ పోతుంది.

వాస్తవం: బ్రేకుల దగ్గర ఈ పట్టుదల ప్రాణాలమీదికి తెస్తుంది. 1966 దాకా మాస్టర్ సిలిండర్‌కు (పెడల్ తొక్కితే బ్రేక్ ఫ్లూయిడ్‌ను చక్రాలకు నెట్టేది) ఒకటే గది. ఏ ఒక్క చక్రం దగ్గర కారినా పెడల్ నేలకు తగులుతుంది, నాలుగు చక్రాలకూ బ్రేకుండదు. 1967 మోడల్ నుంచి ఫోర్డే రెండు గదులది పెట్టింది. అదే మీ కారుకూ పెట్టించుకోండి, పాతది తుడిచి డబ్బాలో దాచండి. నాలుగూ డ్రమ్ములే అయితే డ్రమ్ముల కోసం చేసిన మాస్టరే కొనాలి. డిస్కులది పెడితే డ్రమ్ముల లైన్లో నిలవాల్సిన కొద్దిపాటి ఒత్తిడి నిలవక పెడల్ లోతుగా పోతుంది. పెడల్‌ను మాస్టర్‌కు కలిపే పుష్‌రాడ్‌కు కాస్త వదులుండాలి. బిగుతుగా పెడితే ఫ్లూయిడ్ వెనక్కి రాలేక, పది మైళ్ళు పోయేసరికి బ్రేకులు పట్టేసి పొగలొస్తాయి. బిగించేముందు మాస్టర్‌ను బల్ల మీదే గాలి తీసి, తర్వాత కుడి వెనక, ఎడమ వెనక, కుడి ముందు, ఎడమ ముందు వరసలో తియ్యండి. రబ్బరు హోసులు మూడే, ముందు రెండు, వెనక ఒకటి. పైకి బాగున్నా లోపల ఉబ్బి ఉంటాయి, మార్చేయండి. పాత షూల దుమ్ములో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, గాలి కొట్టకుండా తడి గుడ్డతో తుడవండి.

మిగతా మార్పులకూ ఒకటే కొలత: విప్పి మళ్ళీ పాతది పెట్టగలగాలి. డిస్ట్రిబ్యూటర్ లోపలే అమరే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, హెడ్‌లైట్లకు రిలే వైరింగ్, ఇంజన్ పైన బోల్టులతో బిగించే ఎక్స్‌పోర్ట్ బ్రేస్, ఇవన్నీ ఆ లెక్కలోవే. రిలే లేకుండా హాలోజన్ లైట్లు పెడితే కరెంటంతా డ్యాష్‌లోని పాత స్విచ్ గుండా పోతుంది. అది వేడెక్కి లోపలి బ్రేకర్ కొట్టేస్తుంది, రాత్రి హైవే మీద లైట్లు ఆరి వెలుగుతుంటాయి. రేడియల్ టైర్లు వేస్తే పాత పుస్తకంలోని అలైన్‌మెంట్ కొలతలు పనికిరావు. క్యాస్టర్ ప్లస్ 2 నుంచి 3 డిగ్రీలు, క్యాంబర్ సున్నా నుంచి మైనస్ అర, టో-ఇన్ 1/8 అంగుళం అడగండి.

డిక్కీ సంగతి కూడా ఒకటుంది, దీన్ని ఎవరూ అడగరు. ఈ కార్లలో పెట్రోలు ట్యాంకు పై రేకే డిక్కీ నేల, దానికీ వెనక సీటుకూ మధ్య అట్ట తప్ప ఇనుము లేదు. వెనకనుంచి గుద్దితే పెట్రోలు నేరుగా సీట్లోకి వస్తుంది. పిల్లల్ని వెనక కూర్చోబెట్టేవాళ్ళు సీటు వెనక అడ్డంగా ఉక్కు రేకు ఒకటి కొలతకు కోయించి, అంచుల చుట్టూ సీలర్ పట్టించి బోల్టులతో బిగించుకోండి. తీసిన అట్టను మడవకుండా పరుపు కింద దాచి, మీద కారు నంబరు రాసి పెట్టండి.