నడుం నొప్పి: రిపోర్టు చూసి మంచం పట్టకండి

పత్తి ఏరే రోజులొస్తే చాలు, హన్మకొండలో మా ఫిజియోథెరపీ గదికి ఎమ్మారై కవర్లు వరుస కడతాయి. మనిషి కూర్చోకముందే కవరు నా చేతికొస్తుంది. "నొప్పి ఎక్కడమ్మా?" అంటే, "ఎల్4-ఎల్5 కాడ డిస్క్ బల్జ్ అని రాసిండ్రు సారూ" అంటారు. అంటే నడుం దగ్గర నాలుగో, ఐదో పూసల మధ్య మెత్తటి దిండులా ఉండే డిస్క్ కాస్త ఉబ్బిందని.

అపోహ: డిస్క్ ఉబ్బిందంటే నడుం పోయినట్టే. ఇక ఆపరేషనో, మంచమో.

వాస్తవం: నడుం నొప్పే లేని 3,110 మంది స్కానింగులను కలిపి చూసిన సమీక్ష ఒకటి 2015లో వచ్చింది. ఇరవై ఏళ్లవాళ్లలో 30 శాతం మందికి, నలభై ఏళ్లవాళ్లలో సగం మందికి, ఎనభై ఏళ్లవాళ్లలో 84 శాతం మందికి డిస్క్ ఉబ్బు కనిపించింది. మళ్లీ చెబుతున్నా, వీళ్లెవరికీ నొప్పి లేదు. వయసు పెరిగేకొద్దీ డిస్కులో నీరు తగ్గి అది పలచబడుతుంది, కాస్త ఉబ్బుతుంది. రిపోర్టులో ఆ మాట ఉన్నంత మాత్రాన మీ నొప్పికి కారణం అదేనని కాదు.

నర్సంపేట వైపు నుంచి ఒకామె వచ్చింది. ఆ ఒక్క లైను చదివించుకున్నప్పటి నుంచి వంగడమే మానేసింది. కింద చెంబుంటే కూతుర్ని పిలుస్తుంది. చెప్పులు వేసుకోమన్నాను. గోడ పట్టుకుని, ఊపిరి బిగబట్టి, కాలివేళ్లతో చెప్పు కోసం తడుముకుంది. చూస్తే కాళ్లలో బలం బాగుంది, స్పర్శ బాగుంది. "వంగితే డిస్క్ బయటికొస్తదట గద సారూ!" ఎవరు చెప్పారంటే, బస్సులో పక్క సీటామె. ఇలాంటి మాటలు వింటే నాకు ఒళ్లు మండుతుంది, కానీ ఆమెను ఏమనగలం? మొదట కుర్చీలో కూర్చోబెట్టి మోకాళ్ల దాకా వంగించాను. తర్వాత నడక, ఆ తర్వాత సగం బకెట్ నీళ్లు. ఆ చలికాలమే చేనుకు పోయింది, ఒడి నిండకముందే దింపుకుంటూ.

నొప్పి బాగా ఉంటే ఒకటి రెండు రోజులు పని తగ్గించుకోండి. వారాల తరబడి పడుకుంటే కండరాలు సన్నగిల్లి నొప్పి ఇంకా మొండికేస్తుంది. కొత్తగా వచ్చిన నొప్పి చాలామందికి ఆరు వారాల్లో బాగా నెమ్మదిస్తుంది. కాల్లోకి లాగే సయాటికా కూడా ఎక్కువమందికి ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది, కాకపోతే టైం పడుతుంది.

మిగతావి గబగబా. బెల్టు నెలల తరబడి వద్దు. నేల మీదే పడుకోవాలన్న రూలు లేదు. ఏముందో తెలియని సూదులు పదేపదే వేయించుకోకండి. అందులో స్టెరాయిడ్ ఉంటే షుగర్ పెరుగుతుంది, ఎముక గుల్లబారుతుంది. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లతో నడుం తన్నించుకోవడం ఇంకా ఉంది, ముసలివాళ్లకైతే పూస విరుగుతుంది జాగ్రత్త.

విచిత్రమేమిటంటే, నిజంగా పరుగెత్తాల్సినవాళ్లు ఇంట్లో కూర్చుంటారు. సయాటికా ఉన్న ఒక ట్రాక్టర్ డ్రైవర్‌కు రెండు కాళ్లూ బరువెక్కాయి, మూత్రం ఆగిపోయింది. వేడి చేసిందనుకుని సబ్జా నీళ్లు తాగుతూ గడిపాడు. తొడల మధ్య మొద్దుబారిందని చెప్పడానికి సిగ్గుపడ్డాడు. నడుం కింది నరాల గుత్తి మొత్తం నొక్కుకుపోయింది. ఆపరేషన్ తర్వాత నడుస్తున్నాడు గానీ, మూత్రానికి ఇంకా గొట్టం వాడుతున్నాడు.

మూత్రం రాకపోయినా, తెలియకుండా పోతున్నా, కూర్చునే చోట స్పర్శ తగ్గినా, పాదం పైకి లేవకపోయినా అర్ధరాత్రయినా సరే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికో దగ్గర్లోని పెద్దాసుపత్రికో వెళ్లండి. అక్కడ ఎమ్మారై వెంటనే కావాలి. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, పడుకున్నా వదలని రాత్రి నొప్పి ఉంటే ఆ వారంలోనే డాక్టర్‌కు చూపించుకోండి, వెన్నెముక టీబీ మన దగ్గర ఇంకా ఉంది. గతంలో క్యాన్సర్ వచ్చినవాళ్లు, కింద పడ్డ పెద్దవాళ్లు కూడా ఆగొద్దు. ఇవేవీ లేకుండా ఆరు వారాలు దాటినా తగ్గకపోతే అప్పుడు తీరిగ్గా రండి, నడిచే రండి.