తూము సగమే లేస్తే

సంక్రాంతి బొమ్మల కొలువుకి మెట్ల అంచున లైట్లు పెడతానని అమ్మకి నేనే మాటిచ్చాను. కోఠి గుజరాతీ గల్లీకి వెళ్ళి 12 వోల్టుల ఎల్ఈడీ స్ట్రిప్ రెండు మీటర్లు, ఐఆర్ఎఫ్‌జెడ్44ఎన్ అనే మాస్‌ఫెట్ ట్రాన్సిస్టర్ ఒకటి తెచ్చాను. ప్రోగ్రామ్ రాసి నడిపించే చిన్న ఈఎస్పీ8266 బోర్డు ఇంట్లోనే ఉంది. అన్నీ కలిపితే స్ట్రిప్ వెలిగింది, కాకపోతే నూనె అయిపోవచ్చిన ప్రమిదలా. ట్రాన్సిస్టర్ మీద వేలు పెడితే చుర్రుమంది.

ఇలాంటప్పుడు కోడ్ రాసేవాళ్ళం మొదట అనుమానించేది ప్రోగ్రామ్‌ని. ఆ సాయంత్రమంతా కోడ్ తిరగరాస్తూనే ఉన్నాను. చివరికి విసుగొచ్చి స్ట్రిప్‌ని నేరుగా అడాప్టర్‌కి తగిలిస్తే కళ్ళు చెదిరేలా వెలిగింది. ఆ రెండింటి తప్పేమీ లేదన్నమాట. రెండు నిమిషాల ఈ పరీక్ష ముందే చేసుంటే అన్నం వేడిగా తినేవాణ్ణి.

ఈ రకం స్ట్రిప్ మీటరుకు 14.4 వాట్లు తింటుంది. రెండు మీటర్లకు 2.4 ఆంపియర్లు. బోర్డు పిన్ను ఇవ్వగలిగింది పట్టుమని 12 మిల్లీ ఆంపియర్లు, అంటే అందులో రెండువందలో వంతు. అందుకే మధ్యలో ట్రాన్సిస్టర్. కాలువ తూముకి తలుపు ఎలాగో దీనికి గేటు అలాగ. గేటు మీద వోల్టేజి పెడితే తలుపు లేస్తుంది, కరెంటు పారుతుంది.

పిన్నుని పూర్తిగా ఆన్‌లో ఉంచి, వోల్టులు కొలిచే మల్టీమీటర్ తీగలు ట్రాన్సిస్టర్‌లో కరెంటు లోపలికొచ్చే డ్రెయిన్ కాలికీ, బయటికెళ్ళే సోర్స్ కాలికీ ఆనించాను. సున్నాకి దగ్గర్లో ఉండాల్సిన అంకె 2.6 వోల్టులు చూపించింది. దొంగ దొరికాడు. స్ట్రిప్‌కి అందుతున్నది 9.4 వోల్టులే. పోయింది ఐదో వంతేగా అనుకోకండి. స్ట్రిప్‌లో మూడేసి ఎల్ఈడీలు వరసగా ఉంటాయి, ఆ మూడూ వెలగడానికే దాదాపు 9 వోల్టులు కావాలి. పైన మిగిలేదే కరెంటుని నడిపించేది. 12లో మిగిలేది 3, 9.4లో అరకొర. అందుకే వెలుగు అంతగా చచ్చిపోయింది. ఆ 2.6 వోల్టులు ట్రాన్సిస్టర్‌లో వేడిగా మారాయి.

తలుపు ఎందుకు సగమే లేచింది? ఐఆర్ఎఫ్‌జెడ్44ఎన్ డేటాషీట్, అంటే తయారీదారు ఇచ్చే వివరాల పత్రం చూస్తే, గేటు 2 నుంచి 4 వోల్టుల మధ్య ఎక్కడో కదలడం మొదలవుతుందని ఉంది. పూర్తిగా తెరిచిన లెక్కలు 10 వోల్టుల దగ్గర ఇచ్చారు. మా బోర్డు పిన్ను ఇచ్చేది 3.3. మర్నాడు మళ్ళీ కోఠి వెళ్ళి ఐఆర్ఎల్‌జెడ్44ఎన్ తెచ్చాను. ఎఫ్ బదులు ఎల్, అంతే తేడా. ఎల్ అంటే లాజిక్ లెవెల్, చిన్న వోల్టేజికే తెరుచుకునే రకం. అదే చోట మీటర్ ఈసారి 0.1 చూపించింది.

బోర్డు రీస్టార్ట్ అయినప్పుడల్లా స్ట్రిప్ ఒకసారి మినుక్కుమనేది. అప్పుడు గేటు ఎటూ కాకుండా గాలిలో వేలాడుతుంటుంది. గేటుకీ నెగటివ్‌కీ మధ్య 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ వేస్తే ఆగింది. ఇక అసలు వెలగనివాళ్ళు ఒకటి చూసుకోండి: అడాప్టర్ నెగటివ్, బోర్డు నెగటివ్ కలిపారా? ఆ ఒక్క తీగ మర్చిపోయేవాళ్ళే ఎక్కువ.

కొలువు తీర్చాక అమ్మ చూసి, "ఇంత వెలుగెందుకురా, బొమ్మల మొహాలు పాలిపోయినట్టున్నాయి, కాస్త తగ్గించు" అంది. నవ్వొచ్చింది. కోడ్‌లో ఒక్క అంకె మార్చాను. ఇప్పుడు ట్రాన్సిస్టర్ సెకనుకు వెయ్యిసార్లు పూర్తిగా తెరుచుకుని పూర్తిగా మూసుకుంటోంది, మధ్యలో ఆగకుండా. మధ్యమధ్య ఆరిపోతుండటంతో కంటికి వెలుగు మళ్ళీ మొదటి రోజు ప్రమిద వెలుగుకే వచ్చింది. ట్రాన్సిస్టర్ మీద వేలు పెట్టి చూశాను, చల్లగా ఉంది.