మొక్క నాటిన ఫొటో తర్వాత: బడిపిల్లల పర్యావరణ పనిపై అపోహలు - వాస్తవాలు

తెలంగాణలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో బయో సైన్స్ చెబుతాను. హరిత దళం, అంటే బడిలో పిల్లల పర్యావరణ బృందం, బాధ్యత కూడా నాదే. ఈ పని గురించి తోటి ఉపాధ్యాయుల నుంచి, తల్లిదండ్రుల నుంచి తరచూ వినే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: మొక్క నాటిస్తే పర్యావరణం నేర్పినట్టే.

వాస్తవం: నాటడం అరగంట పని. జులై వానల్లో నాటుతాం, ఫొటో దిగుతాం. ఏప్రిల్ చివర్లో సెలవులిస్తే మళ్లీ బడి తెరిచేది జూన్ రెండో వారంలోనే. మొక్కకు నీళ్లు బాగా కావలసిన ఆ నెలన్నర బడిలో ఎవరూ ఉండరు. మా మొదటి ఏడాది మొక్కలు అలాగే పోయాయి. గుంతలు తవ్విన పిల్లలే జూన్‌లో వచ్చి ఎండుపుల్లలు చూశారు. ఆ మొహాలు నేను మరిచిపోలేను.

ఇప్పుడు ఎండాకాలంలో ఎన్నింటికి నీళ్లు పోయగలమో ముందు తేల్చుకుని, అన్నే నాటుతున్నాం. బడి దగ్గర ఇళ్లున్న పిల్లలకు ఇద్దరికొక మొక్క అప్పజెబుతాం. అడుగున చిన్న బెజ్జం చేసి గుడ్డవత్తి పెట్టిన మట్టికుండను మొక్క పక్కన మెడదాకా పాతి నింపితే, నీళ్లు మెల్లగా వేళ్లకు దిగుతాయి. పిల్లలు రోజూ రానక్కర్లేదు. బడి నడిచే రోజుల్లో మధ్యాహ్న భోజనం దగ్గర చేతులు కడిగిన నీళ్లు చిన్న కాలువలో మునగ, కరివేపాకు పాదులకు పోతాయి.

అపోహ: దీనివల్ల మార్కులు తగ్గుతాయి.

వాస్తవం: వారానికి ఒక్క పీరియడు. పదో తరగతికి ఫిబ్రవరి నుంచి అదీ లేదు.

అపోహ: పిల్లలు చూసి రాసేది సైన్సుకు పనికిరాదు.

వాస్తవం: 2021లో తెలంగాణ అంతటా వేపచెట్ల కొమ్మలు కొసల నుంచి మాడిపోయాయి. మా ఆవరణలో దాన్ని ముందు గమనించింది ఏడో తరగతి అమ్మాయి. "సార్, మన యాప చెట్టు కొసలు మాడుతున్నయ్" అంది. అది శిలీంధ్రం వల్ల వచ్చే తెగులు. చెట్టు చచ్చింది, కొట్టేద్దామన్నారు కొందరు. పిల్లలు ఒప్పుకోలేదు. వారం వారం కొమ్మలు చూసి నోటుబుక్కులో రాశారు, చిగుళ్లు వచ్చేదాకా. సీజన్‌వాచ్ అనే కార్యక్రమంలో దేశమంతటా బడిపిల్లలు ఇలాగే చెట్ల ఆకు, పూత, కాయ నమోదు చేస్తుంటారు. కేరళ పిల్లలు అందులో ముందున్నారు.

అపోహ: చెత్త ఏరించడమే పర్యావరణ విద్య.

వాస్తవం: ఉత్త చేతులతో ఏరిస్తే అది శిక్ష. ఆ పనికి ఆడపిల్లల్నో, ఎప్పుడూ అదే కొందరినో పిలవడం చూసినప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది. మేం చెత్తను లెక్కపెట్టిస్తాం. ఒక వారం లెక్కలో చిప్స్ ప్యాకెట్లే ఎక్కువ తేలాయి. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులపై 2022 జులై 1 నుంచి అమలైన నిషేధంలో స్ట్రాలు, గ్లాసులు, చెంచాలు ఉన్నాయి, ఈ ప్యాకెట్లు లేవు. పాత సామాన్లవాళ్లూ వీటిని కొనరు. "మరి వీటిని ఎవరు తీస్కపోతరు సార్?" అని అడిగారు పిల్లలు. ఆ ప్రశ్ననే వాళ్ల చేతిరాతతో గ్రామ పంచాయతీకి ఉత్తరంగా రాయించాను.