కన్ను కారు చుట్టూ తిరగాలి

తిరుపతి

మన వీధి పిల్లలకు,

ఆశీస్సులు. పోయిన ఆదివారం సాయంత్రం మీరు ముగ్గురూ మా అరుగు మీద కూర్చొని, రేణిగుంట రోడ్డులో పాత కార్లు అమ్మే పెద్దాయన కోసం తయారు చేస్తున్న వెబ్‌సైటును ఫోనులో చూపించి, "బాగుందా తాతా?" అని అడిగారు. అప్పటికప్పుడు ఏదో ఒక మాట చెప్పి పంపించడం నాకు ఇష్టం లేకపోయింది. ముప్పై ఏళ్లు ఫోటో స్టూడియో నడిపి, చివరి పదేళ్లు ఎక్కువగా షోరూముల కోసం కార్లనే ఫోటోలు తీసినవాణ్ణి కనుక, నాకు తెలిసిందంతా తీరిగ్గా రాసి ఇస్తే మీకు పనికి వస్తుందనిపించింది.

మీ పేజీ తెరవగానే ఎర్రటి బ్యాక్‌గ్రౌండు మీద పసుపు అక్షరాలు కుడి నుంచి ఎడమకు పరుగెత్తుతూ కనిపించాయి. వాటి కింద పండగ తగ్గింపుల పట్టీ, దాని కింద వాటంతట అవే మారిపోయే నాలుగు బొమ్మలు, ఆ కింద ఓనరుగారి ఫోటో ఉన్నాయి. బొటనవేలితో మూడుసార్లు పైకి తోస్తే గానీ నాకు ఒక్క కారైనా కనబడలేదు. మీరు కష్టపడి చేశారు, ఆ కష్టం నాకు తెలుస్తూనే ఉంది. కానీ కార్లు అమ్మే చోట కారు కోసం వెతుక్కోవలసి వస్తే, మిగిలినవన్నీ ఎంత అందంగా ఉన్నా ఆ అందం అక్కరకు రాదు.

మన ఊళ్లో కారు కొనడానికి వచ్చినవాళ్లు ఏం చేస్తారో ఎప్పుడైనా గమనించారా? ఎవరూ వచ్చీ రాగానే ధర అడగరు. ముందు దూరంగా నిలబడి ఒకసారి మొత్తం కారును చూస్తారు. తరువాత మెల్లగా చుట్టూ తిరుగుతారు. బానెట్ మీద వేలితో తట్టి చూస్తారు, వంగి టైరు గాడులు చూస్తారు, డిక్కీ తీయించి లోపల స్టెప్నీ ఉందో లేదో చూస్తారు, ఆ తరువాతే తలుపు తీసి స్టీరింగు ముందు కూర్చొని ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చదువుతారు. ఈ ప్రదక్షిణ పూర్తయ్యాకనే మాట ధర మీదికి వస్తుంది. మీ పేజీలో కూడా చూసేవాడి కన్ను ఇదే వరుసలో, ఎక్కడా కాలికి అడ్డం పడకుండా, కారు చుట్టూ తిరిగి రావాలి. కార్ల వెబ్‌సైటు అందమంతా నా దృష్టిలో ఈ ఒక్క విషయం మీదనే ఆధారపడి ఉంటుంది. రంగు, అక్షరం, ఖాళీ, వేగం అన్నవన్నీ దీనికి సేవ చేసేవే.

అందుకే ముందు ఫోటోల సంగతి చెబుతాను. దీని గురించి కాస్త ఎక్కువగా రాస్తాను, ఓపికగా చదవండి.

కారు ఒంటి రంగు అద్దం లాంటిది. చుట్టూ ఏది ఉంటే దాన్ని తనలో చూపిస్తుంది. ఒకసారి ముదురు నీలం రంగు కారును ఎండలో తీసి, ఇంటికి వచ్చి కంప్యూటరులో పెద్దది చేసి చూస్తే, ముందు తలుపు మీద నా పసుపు చొక్కా, చేతులెత్తి కెమెరా పట్టుకున్న నా ఆకారం స్పష్టంగా ఉన్నాయి. మర్నాడు మళ్లీ వెళ్లి తీయవలసి వచ్చింది. అప్పటి నుంచి కార్లు తీసే రోజు నల్ల చొక్కా తప్ప వేసుకోలేదు. గాజు మీద, రంగు మీద పడే మెరుపును తగ్గించడానికి పోలరైజర్ అనే ఫిల్టరు ఒకటి ఉంటుంది. లెన్సు ముందు దాన్ని పెట్టి మెల్లగా తిప్పుతుంటే ఒక చోట ముందు అద్దంలోని ఆకాశం చాలావరకు మాయమై లోపలి సీట్లు కనబడతాయి. అక్కడ ఆపాలి.

ఇక వెలుగు. మన మధ్యాహ్నపు ఎండ కారుకు శత్రువు. పైకప్పు తెల్లగా కాలిపోయినట్టు, చక్రాలు నల్లని గుంటల్లా కనబడతాయి. సూర్యోదయానికి కాస్త ముందు, సూర్యాస్తమయం తరువాత కాసేపు ఉండే మెత్తని వెలుగులో కారు గీతలు ముందు నుంచి వెనుక దాకా తెగకుండా కనిపిస్తాయి. మనకు శేషాచలం కొండలు ఉత్తరాన ఉన్నాయి కనుక, కొండ వెనుక కనబడేలా కెమెరాను ఉత్తరం వైపు తిప్పి నిలబడితే ఉదయపు వెలుగు కుడి నుంచి, సాయంత్రపు వెలుగు ఎడమ నుంచి పడుతుంది, సూర్యుడు కెమెరా కళ్లలో పడడు. అయితే కొండ గీత సరిగ్గా కారు పైకప్పును తాకుతూ పోకుండా జాగ్రత్తపడాలి. ఆ గీత కారును రెండుగా నరికినట్టు ఉంటుంది. కొండ కుదరకపోతే బాధలేదు. బోర్డులూ కరెంటు తీగలూ లేని సాదా గోడ చాలు, కానీ కార్లన్నింటికీ అదే గోడ ఉండాలి.

ఫోను కెమెరాతో దగ్గరగా నిలబడి తీస్తే బంపర్ ఉబ్బిపోయి, వెనుక భాగం కుంచించుకుపోయి కారు బొమ్మ కారులా కనబడుతుంది. పదిహేను అడుగులు వెనక్కి జరిగి, ఫోనులో రెండింతల జూమ్ పెట్టి, మోకాళ్ల మీద కూర్చొని హెడ్‌లైటు ఎత్తున కెమెరా ఉంచండి. కారును నేరుగా ముందు నుంచి కాకుండా, ముఖమూ పక్కా రెండూ కనబడేలా మూల నుంచి తీయండి. చక్రాన్ని కొద్దిగా తిప్పించి, రిమ్ము మీ వైపు, టైరు గాడులు అవతలి వైపు ఉండేలా పెట్టించండి. తెల్ల కారును తీసినప్పుడు కెమెరా దాన్ని బూడిద రంగుకు దించేస్తుంది, నల్ల కారును బూడిద రంగుకు తెచ్చేస్తుంది. తెల్లదానికి వెలుగు కొద్దిగా పెంచాలి, నల్లదానికి కొద్దిగా తగ్గించాలి. మన రోడ్ల మీద తెల్ల కార్లే ఎక్కువ కనుక ఈ మాట గుర్తు పెట్టుకోండి.

ఒక తప్పు గురించి కూడా చెప్పాలి. కొన్నేళ్ల కిందట ఒక పాత కార్ల వ్యాపారి, వెనుక తలుపు మీద అరచేయంత సొట్ట ఉన్న కారును తీయమని చెప్పి, ఆ సొట్టను కంప్యూటరులో చెరిపేయమన్నాడు. నేను చెరిపేశాను. పని చాలా నున్నగా వచ్చింది. ఆ ఫోటో చూసి పుత్తూరు నుంచి భార్యాభర్తలు బస్సెక్కి వచ్చారు. ఆయన కారు చుట్టూ తిరుగుతూ ఆ తలుపు దగ్గరికి వచ్చి ఆగి, సొట్ట మీద చేయి పెట్టి, ఫోనులో ఉన్న నా ఫోటోనూ కారునూ రెండుసార్లు మార్చి మార్చి చూశాడు. ఒక్క మాట అనలేదు. ఇద్దరూ వెనక్కి తిరిగి బస్టాండుకు వెళ్లిపోయారు. నేను అప్పుడు అక్కడే ఉన్నాను, ఆ చేయి నాకు ఇప్పటికీ కనబడుతుంది. మీ పేజీలో ప్రతి సొట్టకూ ప్రతి గీతకూ దగ్గరి నుంచి తీసిన ఫోటో ఒకటి విడిగా పెట్టండి, పక్కన ఒక నాణెం ఉంచి తీస్తే దాని పరిమాణం కూడా తెలుస్తుంది. అలా పెట్టినవారి మిగిలిన ఫోటోలను కొనేవాడు నమ్ముతాడు, నమ్మిన కంటికి ఆ ఫోటోలు ఇంకా బాగా కనబడతాయి.

అలిపిరి దగ్గర పూజ చేయించి, బానెట్ నిండా పూలదండ వేసి, కుటుంబమంతా నిలబడిన ఫోటోలు మీరు చాలా పెట్టారు. అవి సంతోషకరమైన ఫోటోలే, వాటిని తీసేయమని నేను అనను. అయితే వాటికి విడిగా ఒక పేజీ ఇవ్వండి. అమ్మకానికి ఉన్న కారు మీద దండ ఉంటే దాని కింద ఏముందో కనబడదు కదా.

ఫోటోలు తీసిన తరువాత వాటిని వరుసగా పేర్చడంలో ఒక క్రమశిక్షణ ఉండాలి. అన్నీ ఒకే కొలతలో, ఉదాహరణకు 4:3 నిష్పత్తిలో ఉండాలి. ప్రతి గడిలోనూ కారు ఒకే పరిమాణంలో, ఒకే వైపుకు ముఖం పెట్టి ఉండాలి. ఒకటి కుడికీ ఒకటి ఎడమకూ చూస్తుంటే సంతలో పశువులను కట్టినట్టు ఉంటుంది. ఫోటో కింద మోడల్ పేరు, సంవత్సరం, తిరిగిన కిలోమీటర్లు, ఇంధనం, ఎన్నో ఓనరు, ధర అన్నవి ప్రతి కారుకూ అదే చోట, అదే వరుసలో రావాలి. ధరను 5,45,000 అని మన పద్ధతిలో కామాలు పెట్టి రాయండి. రెండు గడుల మధ్య ఖాళీ ఉంచడానికి భయపడకండి, కారు పక్కన ఖాళీ ఉంటేనే కన్ను కారు మీద నిలబడుతుంది.

రంగుల విషయంలో మీకు శ్రీకాళహస్తి కలంకారీ గుర్తు చేస్తాను. గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఎండబెట్టాక, కళాకారులు ముందు వెదురు కలంతో నల్లని గీతలే గీస్తారు. ఇనుప తుక్కునూ బెల్లాన్నీ పులియబెట్టి చేసిన నలుపు అది. బొమ్మ మొత్తం ఆ గీతల్లోనే నిలబడుతుంది, ఎరుపూ నీలమూ పసుపూ తరువాత వస్తాయి. మీరు కూడా పేజీని ముందు నలుపు తెలుపుల్లో చేసి చూడండి. అలా చదవడానికి వీలుగా ఉంటేనే రంగులు వేయండి. ఫోను తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలం అన్న మూడు వెలుగులను ఒక్కొక్కటి 256 మెట్లలో కలిపి 1,67,77,216 రంగులు చూపగలదు. మీకు వాటిలో మూడు చాలు: తెలుపు లేదా లేత బూడిద, అక్షరాలకు ముదురు రంగు, బటనుకు మాత్రమే వాడే ఒక గట్టి రంగు. ఆ మూడో రంగును ఇంకెక్కడా వాడకపోతే, ఎక్కడ నొక్కాలో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. కార్లే రంగురంగులుగా ఉంటాయి, వాటితో పేజీ పోటీ పడకూడదు.

అక్షరానికీ దాని వెనుక రంగుకూ మధ్య తేడాను కొలిచే లెక్క ఒకటి ఉంది. తెలుపు మీద నలుపుకు అది 21:1 వస్తుంది. మామూలు పరిమాణంలో ఉన్న అక్షరాలకు కనీసం 4.5:1 ఉండాలని వెబ్ ప్రమాణాలు చెబుతున్నాయి. మీరు పెట్టిన ఎరుపు మీద పసుపుకు సుమారు 3.7:1 మాత్రమే వస్తుంది. మీ కళ్లు చిన్నవాళ్ల కళ్లు కనుక చదవగలిగాయి, ఆరుబయట ఎండలో ఫోను పట్టుకున్న నా వయసువాడు చదవలేడు.

తెలుగు అక్షరాల గురించి మీకు ఎవరూ చెప్పి ఉండరు. ఇంగ్లీషుకు సరిపోయినంత ఎడం పెట్టి మీరు తెలుగు వరుసలు పేర్చారు. మన అక్షరానికి పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి. మీ పేజీలో "ఇన్సూరెన్స్" అన్న మాటలో న కింద ఉండవలసిన సా వత్తు సగం తెగిపోయి, కింది వరుసలోని గుడిని తాకుతోంది. వరుసల మధ్య ఎత్తును అక్షరం పరిమాణానికి 1.6 లేదా 1.7 రెట్లు చేసి చూడండి, తేడా మీకే తెలుస్తుంది. ఫాంట్ల విషయానికి వస్తే, రామభద్ర వంటి బొద్దు ఫాంటు పెద్ద శీర్షికలకు బాగుంటుంది, వివరాలకు మండలి గానీ నోటో సాన్స్ తెలుగు గానీ వాడండి. ఇవన్నీ ఉచితంగా దొరుకుతాయి. రెండు ఫాంట్లకు మించి వద్దు.

వేగం కూడా అందంలో భాగమే. ఫోనుతో తీసిన ఫోటో మామూలుగా సుమారు 4000 చుక్కల (పిక్సెళ్ల) వెడల్పు, 3000 చుక్కల ఎత్తు ఉంటుంది. దాన్ని 1200 వెడల్పుకు తగ్గిస్తే చుక్కలు పదకొండో వంతు అవుతాయి, ఫోను తెర మీద ఆ తేడా కనబడదు. గూగుల్ 2010లో తెచ్చిన వెబ్‌పీ అనే ఫోటో ఫైలు రూపంలో దాచుకుంటే ఇంకా తేలికవుతుంది. ఒక్కొక్కటి నాలుగు ఎంబీల చొప్పున ఇరవై ఫోటోలు పెడితే ఎనభై ఎంబీలు దించుకోవాలి. పాకాల దగ్గర పల్లెలో సిగ్నలు అంతంతమాత్రంగా ఉన్న రైతు అంతసేపు ఎదురు చూడడు. పేజీలోని ముఖ్యమైన బొమ్మ రెండున్నర సెకన్లలోపు కనబడాలని గూగుల్ పెట్టిన కొలత. ఫోటో రాకముందే దాని చోటును ఖాళీగా కేటాయించి ఉంచండి. లేకపోతే చదువుతున్న వాక్యం ఒక్కసారిగా కిందికి జారిపోయి, నొక్కబోయిన వేలు ఇంకో బటను మీద పడుతుంది.

పరుగెత్తే అక్షరాలు, వాటంతట అవే మారే బొమ్మలు, తెరవగానే మోగే పాట తీసేయండి. ఫోను చేసే బటనును కింద, బొటనవేలికి అందే చోట, వేలికి సరిపడేంత పెద్దదిగా పెట్టండి. ఓనరుగారి ఫోటోను చివర చిరునామా పక్కన ఉంచితే ఆయనా నొచ్చుకోరు.

వచ్చే ఆదివారం తెల్లవారి ఐదున్నరకు ఆ తెల్ల హ్యాచ్‌బ్యాక్‌ను కడిగించి, టైర్లు తుడిపించి, నంబరు ప్లేటు మీది మట్టి తీయించి, షెడ్డు వెనుక ఉన్న సాదా గోడ ముందు నిలిపి ఉంచమని ఆయనతో చెప్పండి. పోలరైజరూ స్టాండూ నేను తెస్తాను. మీరు ముగ్గురూ నల్ల చొక్కాలు వేసుకొని రండి, జేబులో ఒక రూపాయి నాణెం పెట్టుకోండి. ఆ కారు ఎడమ ఫెండరు మీద, అంటే చక్రం పైన ఉండే రేకు మీద, ఒక గీత ఉంది, నేను మొన్న చూశాను.

ఇట్లు,
మీ తాతయ్య