జటాయువు చుట్టాలు ఏమయ్యాయి?

చిట్టీ, నానీ,

లేపాక్షిలో జటాయువు విగ్రహం కింద మీరిద్దరూ దిగిన ఫొటో అందింది. ఆ రోజు ఫోన్లో చిట్టి అడిగింది: "తాతయ్యా, జటాయువు రాబందే కదా? మరి మేం ఎక్కడా ఒక్క రాబందునీ చూడలేదేం?" జవాబు రెండు ముక్కల్లో తేలేది కాదు, అందుకే ఉత్తరం రాస్తున్నాను.

మీరే కాదు, మీ అమ్మ కూడా రాబందుని సరిగ్గా చూసి ఉండదు. నా చిన్నప్పుడు మార్కాపురం వైపు మా పల్లెలో అవి కాకుల్లాగే మామూలు. ఎవరి ఎద్దో, గేదో చచ్చిపోతే బండి మీద వేసి ఊరి బయట వంక పక్కనున్న బీట్లో పడేసేవారు. చర్మం ఒలుచుకునే వాళ్ళు వచ్చి వెళ్ళాక, ఆకాశంలో ఎక్కడో ఒక చుక్క కనిపించేది. కాసేపటికి మూడు, ఆ తర్వాత ఇక లెక్క తెలిసేది కాదు. పైన తిరిగే ఒక రాబందు కిందికి దిగుతుంటే, దూరాన ఉన్న ఇంకోటి దాన్ని చూసి బయల్దేరుతుంది, దాన్ని చూసి మరోటి. వాసన పట్టి కాదు, చూపుతోనే వస్తాయి. మేం పిల్లలం గట్టు మీద కూర్చుని చూసేవాళ్ళం. అంత బరువైన పక్షి నేల మీద వాలి, రెక్కలు సగం విప్పుకుని, గెంతుకుంటూ పరిగెత్తేది. కీచులాటలు, బుసలు, రెక్కల చప్పుడు. పొద్దున బడికి వెళ్తూ చూసిన ఎద్దు సాయంత్రం బడి వదిలేసరికి తెల్లటి ఎముకలగూడు. ఇంటికెళ్తే మా నాయనమ్మ బావి దగ్గరే ఆపి, నెత్తిన రెండు చేదలు నీళ్ళు గుమ్మరించాకే గడప తొక్కనిచ్చేది.

రాబందు ఇంటి మీద వాలితే అరిష్టమని శాంతి చేయించేవారు. మనుషుల్ని పీడించేవాణ్ణి ఇప్పటికీ రాబందు అనే తిడతాం. నాకది అన్యాయంగా తోస్తుంది. పాపం, అది బతికున్న ప్రాణి జోలికి దాదాపు పోదు. మనం ముక్కు మూసుకుని పారేసిందే దాని తిండి.

మొన్న మీ పిన్ని పెళ్ళిలో భోజనాలు గుర్తున్నాయా? వంటవాళ్ళని అందరూ మెచ్చుకున్నారు, వడ్డించినవాళ్ళని పేరు పెట్టి పిలిచారు. బంతి లేవగానే వచ్చి విస్తళ్ళు ఎత్తినవాళ్ళ ముఖాలు మాత్రం ఎవరికైనా గుర్తున్నాయా? అడవికీ, పల్లెకీ ఆ పని చేసింది రాబందులు. అందులోనూ ఎవరి పని వాళ్ళదే. ఎర్రతల రాబందు బలమైన ముక్కుతో గట్టి తోలు చీలుస్తుంది. వీపు మీద తెల్లమచ్చ ఉండే రాబందులు గుంపుగా మెత్తటి మాంసం ఖాళీ చేస్తాయి. చిన్నగా, తెల్లగా ఉండే మరో రకం సన్నటి ముక్కుతో ఎముకల సందుల్లో మిగిలింది ఏరుకుంటుంది. పెద్ద గుండిగలు ఒకరు తోమితే, గరిటెలు ఇంకొకరు కడిగినట్టు! దొమ్మరోగం (ఆంత్రాక్స్) లాంటి జబ్బుల క్రిములు కూడా రాబందుల కడుపులోని ఘాటైన ఆమ్లానికి చాలావరకు చచ్చిపోతాయి.

ఆ విస్తళ్ళు తీసేవాళ్ళు ఒక్కరూ రాలేదనుకోండి. రెండో బంతికి కూర్చోడానికి చోటుండదు. ఈగలు ముసురుతాయి. చీకటి పడేసరికి పందిట్లోకి ఊరకుక్కలన్నీ వస్తాయి. మన దేశంలో జరిగింది అచ్చంగా ఇదే.

1990ల్లో రాజస్థాన్‌లోని భరత్‌పూర్ పక్షుల అభయారణ్యంలో విభు ప్రకాశ్ అనే శాస్త్రవేత్త ఒక వింత గమనించారు. అంతకుముందు ఆయన లెక్కపెట్టిన వందల గూళ్ళు తగ్గిపోతున్నాయి. రాబందులు మెడ వేలాడేసి కొమ్మల మీద రోజుల తరబడి మగతగా కూర్చుని, చివరికి కింద పడి చనిపోతున్నాయి. అందరూ ముందు ఏదో వైరస్ అనుకున్నారు. అప్పుడు పాకిస్తాన్‌లోని పంజాబ్‌లో లిండ్సే ఓక్స్ అనే పశువైద్యుడి బృందం చచ్చిన రాబందుల్ని కోసి చూసింది. లోపల గుండె మీదా, కాలేయం మీదా తెల్లటి పొడి పేరుకుపోయి ఉంది. పక్షి రెట్టలో తెల్లగా కనిపిస్తుందే, అదే పదార్థం! మూత్రపిండాలు పాడైపోతే అది బయటికి పోక ఒంట్లోనే ఉండిపోతుంది.

వాటిని పాడు చేసింది డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు. నా మోకాళ్ళకి డాక్టరు రాసే మాత్ర కూడా అదే. పశువులకి ఒళ్ళు నొప్పి, జ్వరం, పొదుగువాపు వస్తే చవకగా దొరుకుతోందని ఊరూరా ఆ ఇంజక్షనే వేశారు. చాలా పశువులు కోలుకున్నాయి. కోలుకోక చచ్చిపోయిన వాటి ఒంట్లో మాత్రం మందు మిగిలిపోయింది, దాన్ని రాబందులు తిన్నాయి. 2004లో ఈ సంగతి లోకానికి తెలిసింది.

"చచ్చిన ప్రతి గొడ్డుకీ ఆ ఇంజక్షన్ వేసి ఉండరు కదా?" అని నాని అడుగుతాడు, నాకు తెలుసు. అక్కడే ఉంది అసలు చిక్కు. రాబందులు ఇంతలా తుడిచిపెట్టుకుపోడానికి వందలో ఒక్క కళేబరంలో కూడా మందు ఉండక్కర్లేదని లెక్క తేలింది. ఎందుకంటే ఒక్క కళేబరం చుట్టూ రాబందులు పదులకొద్దీ చేరతాయి, జీవితమంతా అలాంటి విందులకే వెళ్తాయి. పెళ్ళిపనికైతే ఒక జట్టు పోతే పక్క ఊరి నుంచి ఇంకో జట్టుని పిలిపించుకుంటాం. రాబందు ఏడాదికి పెట్టేది ఒక్కటే గుడ్డు. ఆ పిల్ల పెద్దదై తను గూడు కట్టుకోడానికి నాలుగైదేళ్ళు పడుతుంది. వీపు మీద తెల్లమచ్చ ఉండే రాబందులు 1992లో వెయ్యి ఉన్న చోట 2007 నాటికి మిగిలింది ఒక్కటి! మీ స్కూల్లో పొద్దున ప్రార్థనకి నిలబడే పిల్లల్ని తలుచుకుని, వాళ్ళలో ఒక్కరే మిగిలితే ఎలా ఉంటుందో ఊహించండి.

పందిట్లోకి కుక్కలు రానే వచ్చాయి. కళేబరాలు కుళ్ళి వాగుల్లోకి దిగాయి, పిచ్చికుక్క కాట్లు ఎక్కువయ్యాయి. రాబందులు ముందు బాగా ఉండి పోయిన జిల్లాలనీ, మొదటి నుంచీ అంతగా లేని జిల్లాలనీ పోల్చి ఇద్దరు ఆర్థికవేత్తలు 2024లో ఒక లెక్క ప్రచురించారు: 2000 నుంచి 2005 దాకా దాదాపు 5 లక్షల మంది మనుషులు అదనంగా చనిపోయారని. అది చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. ఇందులో రాబందు మీద పగబట్టినవాడు ఒక్కడూ లేడు. తన ఎద్దు లేచి నిలబడితే చాలనుకున్న రైతులే అందరూ. మందుని మనుషుల మీద పరీక్షించాం, పశువుల మీద పరీక్షించాం. ఆ పశువుని చివరికి తినేదెవరని మాత్రం ఎవరికీ తట్టలేదు. మీరు పెద్దయ్యాక ఏ పని చేసినా, మీ తర్వాత బంతిలో కూర్చునేదెవరో ఒకసారి తల తిప్పి చూడండమ్మా.

పశువులకి వాడే డైక్లోఫెనాక్‌ని 2006లో మన దేశం నిషేధించింది. మనుషులకని అమ్మే పెద్ద సీసాలు కొని గొడ్లకి వేస్తుంటే, 2015లో వాటినీ ఆపి ఒక్క మోతాదు సీసాలే ఉంచింది. 2023లో అలాంటివే మరో రెండు, కీటోప్రొఫెన్, ఎసెక్లోఫెనాక్ పశువులకి వాడకూడదంది. మెలాక్సికామ్ అనే మందు రాబందులకి హాని చెయ్యదని పరీక్షల్లో తేలింది, పశువుకీ అది పనిచేస్తుంది. హర్యానాలోని పింజోర్‌లో జటాయువు పేరుతోనే ఒక కేంద్రం పెట్టి రాబందుల్ని పెంచుతున్నారు. మన దగ్గర ప్రాణహిత ఒడ్డున, బెజ్జూరు అడవుల్లోని పాలరాపు గుట్టలో 2013లో పొడుగు ముక్కు రాబందుల గూళ్ళు కనిపించాయి. గుట్ట అంచున, అంత ఎత్తులో, వర్షం పడని సందు చూసుకుని కట్టుకున్నాయి. వాటికి ఆ చోటు ఎవరు చూపించారో నాకు తలుచుకుంటేనే ఆశ్చర్యం వేస్తుంది.

దసరా సెలవులకి హైదరాబాద్ వెళ్తారుగా. నెహ్రూ జూ పార్కులో పులి దగ్గరే పొద్దంతా గడపకుండా, రాబందుల దగ్గరికి వెళ్ళి ఓ పావుగంట నిలబడండి. దాని తల మీదా, మెడ మీదా ఈకలు పెద్దగా ఉండవు. ఎందుకుండవో నేను చెప్పను. అది ఏం తింటుందో, ఎలా తింటుందో మీకిప్పుడు తెలుసు కాబట్టి, ఇద్దరూ ఆలోచించి నాకు రాయండి. మీ పెదనాన్నగారి గేదెకి ఈసారి ఇంజక్షన్ వేయించేటప్పుడు మీరు అక్కడుంటే, ఏ మందండీ అని డాక్టరు గారిని అడిగి ఆ పేరు కూడా రాయండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య