పొద్దు పడమటికి, కెమెరా తూర్పుకి

నీళ్లలోకి దిగే ఎర్రటి సూర్యబింబం కోసం సాయంత్రం పూట విశాఖ బీచ్‌కి ట్రైపాడ్ మోసుకొచ్చినవాళ్లకి అది దొరకదు. మనది తూర్పు తీరం. పొద్దు సముద్రంలోంచి పొడుస్తుంది, ఊరి వెనక కొండల చాటుకి కుంగుతుంది. అలాగని సాయంత్రాన్ని వదులుకోనక్కర్లేదు. సూర్యుడికి వీపు పెట్టి కెమెరాని సముద్రం వైపు తిప్పితే చాలు.

ముందు తెలుసుకోవలసింది, పంచాంగంలో చెప్పిన అస్తమయ వేళ ఇసుక మీద చెల్లదని. కొండ అడ్డం రాగానే నేల మీది బంగారు వెలుగు ఆరిపోతుంది. ఎంత ముందు ఆరుతుందో చేత్తోనే లెక్క కట్టవచ్చు. చెయ్యి బారుగా చాపి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలు. మన అక్షాంశంలో సూర్యుడు అంత దిగడానికి 40 నిమిషాలు, కాస్త అటూ ఇటూగా పడుతుంది. కొండ అర పిడికిలి ఎత్తుంటే 20 నిమిషాలు ముందే నీడ పడుతుందన్నమాట. అయితే ఆ నీడ ఒడ్డు నుంచి సముద్రం లోపలికి పాకుతుంది. కాళ్ల కింద ఇసుక చల్లబడ్డాక కూడా దూరంగా విరిగే కెరటాల మీద ఎర్రటి ఎండ కాస్తూనే ఉంటుంది. ఆ కాసేపూ ఎక్స్‌పోజర్‌ని, అంటే కెమెరా తీసుకునే వెలుగు మోతాదుని, కెరటానికే చూసుకోవాలి, ఒడ్డు నల్లబడితే బడనీ.

పొద్దు కుంకిన కొద్ది నిమిషాలకి సముద్రపు అంచున బూడిద కలిసిన నీలి పట్టీ ఒకటి లేస్తుంది. చాలామంది దాన్ని దూరపు మబ్బనుకుని కెమెరా సర్దేస్తారు. నిజానికి అది భూమి నీడ, గాలి మీద పడింది. దాని పైన గులాబీ రంగు పట్టీ ఉంటుంది. పడమటి నుంచి గాలిని ఏటవాలుగా చీల్చుకుంటూ వచ్చే వెలుగులో నీలం దారిలోనే చెదిరిపోతుంది; 450 నానోమీటర్ల నీలం 650 నానోమీటర్ల ఎరుపు కన్నా నాలుగు రెట్లకు పైగా చెదురుతుంది. మిగిలిన ఎరుపు తూర్పు ఆకాశాన్ని తాకి మన కంటికి తిరిగొస్తుంది. ఇదంతా పావుగంట, మహా అయితే 20 నిమిషాల వ్యవహారం.

ఈ గులాబీని పాడుచేసేది ఎక్కువగా ఆటో వైట్ బ్యాలెన్సే. రంగు ఏదో తప్పిందనుకుని కెమెరా దాన్ని సరిచేసేస్తుంది, బూడిద ఆకాశం మిగులుతుంది. వైట్ బ్యాలెన్స్‌ని 5,200 నుంచి 5,500 కెల్విన్ (వెలుగు రంగుని కొలిచే అంకె) మధ్య ఒకచోట పెట్టి వదిలేయండి. రా ఫైల్ (కెమెరా సరిదిద్దని ముడి ఫైల్) తీసుకుంటే ఇంటికొచ్చాక మార్చుకోవచ్చు గానీ, అక్కడే తెర మీద రంగు కనబడకపోతే ఫ్రేము కట్టడం కష్టం. దుమ్ము ఎక్కువుంటే సంధ్య బాగా పండుతుందని చెప్పుకుంటారు గానీ, నేలకి దగ్గరున్న దుమ్ము, పొగ రంగుని పండించవు, పాలిపోయేలా చేస్తాయి. వాన కడిగేసిన మర్నాటి సాయంత్రమే మేలు.

మబ్బుల విషయంలో ఎత్తు ముఖ్యం. కిలోమీటరు ఎత్తులో ఉన్న మబ్బు మీద వెలుగు అస్తమయం తర్వాత నాలుగు నిమిషాలకే పోతుంది. 10 కిలోమీటర్ల ఎత్తున ఉన్న పలచటి మబ్బు 13 నిమిషాల దాకా మెరుస్తుంది. కాబట్టి పైన ఈకల్లాంటి మబ్బులుంటే తొందరపడి ఇంటికి పోకూడదు.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా సాయంత్రపు జల్లులకి ఇంకో లాభం ఉంది. ఇంద్రధనుస్సు సూర్యుడికి సరిగ్గా ఎదురు దిక్కు చుట్టూ 42 డిగ్రీల దూరంలో ఏర్పడుతుంది. అందుకే మన దగ్గర సముద్రం మీది హరివిల్లు సాయంత్రం వేళదే, అదీ సూర్యుడు 42 డిగ్రీల కన్నా కిందికి దిగాక, అంటే నెలని బట్టి సుమారు మూడు, మూడున్నర తర్వాత. పొద్దు కుంకే వేళకి అది పూర్తి అర్ధవలయం, ఈ చివర నుంచి ఆ చివరకి 84 డిగ్రీలు. ఫుల్‌ఫ్రేమ్ (36 ఎంఎం వెడల్పు సెన్సర్ ఉన్న) కెమెరాలో 20 ఎంఎం లెన్స్ అంచులకి ఆనించి పట్టిస్తుంది, 16 అయితే కాస్త ఊపిరి ఆడుతుంది. ఫోన్‌లో అల్ట్రావైడ్ వాడాల్సిందే. పోలరైజర్ (ఒకే దిశలో కంపించే వెలుగుని వదిలే ఫిల్టర్) ఉంటే జాగ్రత్త: హరివిల్లు వెలుగు దాదాపు పూర్తిగా ధ్రువీకృతం, అంటే ఒక్కోచోట ఒకే దిశలో కంపించేది కాబట్టి, ఫిల్టర్ ఒక కోణంలో విల్లు మధ్యని మెరిపించి కాళ్లని తుడిచేస్తుంది. వైడ్ లెన్స్‌తో తీసేటప్పుడు దాన్ని విప్పి జేబులో వేసుకోవడం నయం.

ఇక కెరటాలు. రాతికి కొట్టుకుని ఎగిరే తుంపరల్ని ఆపాలంటే షట్టర్ తెరిచి ఉండే వేళ సెకనులో వెయ్యో వంతు. ఇసుక మీద నురగ గీతలు కావాలంటే అర సెకను. కుంకిన కాసేపటికి లెన్స్ రంధ్రం ఎఫ్ 11, సెన్సర్ సున్నితత్వం ఐఎస్‌ఓ 100 పెడితే ఆ వేగం దానంతటదే వస్తుంది. అంతకు ముందైతే వెలుగుని ఎనిమిదో వంతుకి తగ్గించే మూడు స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ కావాలి. మీట ఎప్పుడు నొక్కాలన్నది అంకెల కన్నా పెద్ద సంగతి. కెరటం పైకి వస్తున్నప్పుడు తీస్తే నురగ తెల్లటి మరకైపోతుంది. అది ఆగి, వెనక్కి మళ్లిన క్షణాన నొక్కితే గీతలు సముద్రం వైపు సాగుతాయి.

ట్రైపాడ్ కాళ్ల చుట్టూ ఇసుకని నీరు తోడేస్తుంది, ఎక్స్‌పోజర్ మధ్యలో కాలు దిగబడి ఫోటో చెదురుతుంది. మొదటి కెరటాన్ని పోనిచ్చి, కాళ్లని మళ్లీ గట్టిగా అదిమి, రెండోదానికి తీయాలి. సన్నటి కింది భాగాన్ని పూర్తిగా లాగి పెడితే బిగింపులు ఉప్పునీటికి పైనుంటాయి. లెన్స్ మీద పడిన తుంపరని పొడి గుడ్డతో రుద్దితే ఉప్పు పలుకులు గీతలు పెడతాయి. ముందు గాలి ఊదే బ్లోయర్, తర్వాత మంచినీటితో తడిపిన గుడ్డ. ఏసీ గదిలోంచి తెచ్చిన కెమెరాని సంచిలోంచి తీయకుండా అరగంట ఉంచాలి, లేకపోతే అద్దానికి ఆవిరి పడుతుంది.

పెద్ద కెరటాలు గుంపుగా వస్తాయి. కాబట్టి పది, పదిహేను నిమిషాలు ఊరికే చూసి, అన్నిటికన్నా పైకొచ్చిన తడి గీతకి ఎగువనే సంచి పెట్టుకోవాలి. గాలి లేని నిర్మలమైన రోజునా దక్షిణ మహాసముద్రం నుంచి వచ్చిన పొంగు కెరటాలు ఒడ్డుని బాదవచ్చు. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ అలల ఎత్తు, ఒక అలకీ మరో అలకీ మధ్య వ్యవధి రెండూ ముందే చెబుతుంది. ఎత్తు తక్కువైనా వ్యవధి 12 సెకన్లు దాటిందంటే రాళ్ల మీదకి దిగకండి.

బంగాళాఖాతం మీద లేచిన ఉరుముల మబ్బు సాయంత్రపు ఎండలో ఎంత అందంగా ఉన్నా, మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్లు లేకపోతే అది పది కిలోమీటర్ల లోపే ఉన్నట్టు. ట్రైపాడ్ మడిచి కారెక్కాలి, చివరి ఉరుము విన్నాక అరగంట గడిచేదాకా మళ్లీ ఇసుక మీదకి రాకూడదు.